ఏడువేల ఎనిమిదొందల చుట్లు

హడర్స్‌ఫీల్డ్‌లో వాన తెరిపిచ్చిన పూట
ఆర్థర్ వాడింగ్టన్ గిటారు మోసుకొచ్చాడు,
కాలువ ఒడ్డున, ఒకప్పటి ఉన్ని మిల్లు మూడో అంతస్తుకి.
లిఫ్టు లేదు. మెట్లెక్కి రెండు నిమిషాలు మాట్లాడలేకపోయాడు.
తర్వాత అన్నాడు: "దీని గొంతు మసకబారింది."

పికప్ విప్పి బల్ల మీద పెట్టాను.
వేలెడు పొడుగు నల్లటి కండె,
నడుమ ఆరు అయస్కాంతపు కడ్డీలు, తీగకొకటి,
వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి.
ఇంతే దీని సంసారం.
పైన ఉక్కుతీగ వణుకుతుంది,
ఆ వణుకుకి అయస్కాంతపు నీడ చెదురుతుంది,
ఆ చెదురును రాగి కరెంటుగా చెప్పుకుంటుంది.
ఎక్కడా ఎవరూ ఎవరినీ తాకరు.

మీటరు పెట్టాను. ఆరువేల నూట పది ఓములు.
నిరుడెంతో ఇప్పుడూ అంతే.
అయస్కాంతాల సత్తువా తగ్గలేదు,
కత్తెర చూపిస్తే కరుచుకుంది.
"ఇందులో లోపమేం లేదు" అనబోయాను.
వెనక కెటిల్ ఈల వేస్తోంది, చెవులు చిల్లులుపడేలా.
ఆయన తల తిప్పలేదు.

నాకీ పని నేర్పింది డోరీన్ హెప్‌వర్త్.
ఇదే మిల్లులో పదిహేనో ఏట ఉన్ని కండెలు చుట్టి
మిల్లు మూతపడ్డాక అవే వేళ్లతో రాగికి మారిన మనిషి.
కండె అనే మాట నా దగ్గర పట్టుకుని
"క్యాండీ" అనేది, మిఠాయి చప్పరిస్తున్నట్టు.
చుట్లు పెంచావా, గొంతు లావెక్కుతుంది,
ఆంప్లిఫయరు ముందుగానే గర్జిస్తుంది,
కానీ మువ్వల మీద దుప్పటి కప్పినట్టే.
తగ్గించావా, బలం పోతుంది, గాజు పలుకుతుంది.
వరసలు మరీ ఒద్దికగా పేర్చకు.
ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్న చుట్లు
లోపల్లోపల గుసగుసలాడుకుని మెరుపంతా తినేస్తాయి.
చెయ్యి కాస్త తప్పనీ.
బిగిస్తే తెగుతుంది. వదులైతే
మైనంలో ముంచినా కీచుమంటుంది.
"మరి సరైన లెక్క ఎంత?" అని అడిగితే
"ఎవరికి?" అనేది.

కొత్త కండె మిషనెక్కించాను.
రాగిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ఊపిరిలా పట్టుకుని
కాలు పెడలు మీద, కళ్లు అంకెల మీద.
పాతదానివి ఏడువేల ఎనిమిదొందల చుట్లు.
ఆరువేల తొమ్మిదొందల దగ్గర కాలు తీసేశాను.
నూరు మీటర్ల పైచిలుకు రాగి,
ఆయన చెవుల ఖాతాలో మినహాయింపు.

శనివారం మనవరాలితో వచ్చాడు.
ఇమొజెన్‌కి పదకొండేళ్లు, మోకాలి మీద మట్టి.
ప్లగ్ పెట్టగానే కరెంటు రొద, తుమ్మెద సీసాలో పడ్డట్టు.
రెండో కండె తిరగేసి చుట్టి జోడిస్తే
ఒకదాని రొదని ఒకటి మింగేసుకుంటాయని చెప్పాను.
"అప్పుడు ప్లగ్ పెట్టానో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

వాయించాడు.
పిల్ల మొహం పంటికింద రాయి పడ్డట్టయింది.
ఆయన మొహం మాత్రం
పోయిన తాళంచెవి సొంత జేబులోనే దొరికినట్టు.
"ఇదీ. ఇదే దాని గొంతు.
ఏం చేశావు?"
"శుభ్రం చేశాను" అన్నాను.

ఇమొజెన్ నన్ను చూసింది, తాతని చూసింది,
బల్ల మీది దూదిచుట్ట నుంచి రెండు ఉండలు తుంచి
చెవుల్లో కుక్కుకుని
కానివ్వమన్నట్టు తలూపింది.

పాత పికప్ పారేయమన్నాడు.
సొరుగులో పెట్టాను, చీటీ అంటించి:
వాడింగ్టన్. ఆరువేల నూట పది. బాగానే ఉంది.

ఆ రాత్రి తలుపులు వేసి
కెటిల్ పెట్టి, గది ఆ చివరకి నడిచి నిలబడ్డాను.
ఈల వినిపించింది.
మొత్తం వినిపించిందో లేదో
చెప్పడానికి డోరీన్ లేదు.